మార్చి నెలాఖరు, ఏప్రిల్‌లో బ్యాక్‌కంట్రీ నార్డిక్ స్కీయింగ్: బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళు ఏ గేర్ తీసుకెళ్తున్నారు?

వైట్‌ఫీల్డ్_నాని
ఫిబ్రవరి 18, రాత్రి 10:12

అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఔలీలో బేసిక్ స్కీ కోర్స్ చేశాను, అది ఆల్పైన్, మడమ బిగించేసి వాలు మీద కిందకి రావడం నేర్పారు. బాగానే ఉంది కానీ అక్కడ పైన గోర్సన్ బుగ్యాల్ వైపు మడమ వదులుగా ఉండే సన్న స్కీల మీద సాఫీగా వెళ్ళిపోతున్న ఇద్దర్ని చూసినప్పట్నించి నా మనసంతా అటే ఉంది. నార్డిక్ అంటే అదేనట, రిసార్టు దాటి బయట కొండల్లో చేస్తే బ్యాక్‌కంట్రీ. లిఫ్ట్ అక్కర్లేదు, క్యూ అక్కర్లేదు, మన కాళ్ళు ఎంత దూరం లాగితే అంత దూరం.

నా ఇబ్బంది సెలవు దగ్గర. ఫైనాన్స్ టీమ్‌లో పని, మార్చి 31 క్లోజింగ్ అయ్యేదాకా కదలనివ్వరు, కాబట్టి ఏప్రిల్ మొదటి వారమే దారి. ఆఫీసులో స్కీయింగ్ తెలిసినవాళ్ళు అప్పటికి సీజన్ అయిపోతుంది, బురద తప్ప ఏమీ ఉండదు అంటున్నారు. నిజమేనా? ఇంకోటి, రెడ్మండ్‌లో ఉండే మా పిన్ని కొడుకు మార్చి మూడో వారంలో వస్తున్నాడు, ఒక జత స్కీలు తెస్తానన్నాడు, అక్కడ ఇప్పుడు సీజన్ చివరి సేల్స్ నడుస్తున్నాయట. ఎంత వెడల్పువి చెప్పాలి, అడుగున పొలుసులు ఉన్నవా వ్యాక్స్ రాసేవా, బూట్లు ఏవి, బూటుని స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ఏది, ఒక్కో వెబ్‌సైట్ ఒక్కో మాట చెప్తోంది, చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. నా బరువు 74 కిలోలు, ఎత్తు 5 అడుగుల 9.

పిన్ను75
ఫిబ్రవరి 18, రాత్రి 11:35

నాని గారూ, ముందు ఆ బురద మాట మనసులోంచి తీసేయండి. ఎత్తు సరిగ్గా చూసుకుంటే మన హిమాలయంలో నార్డిక్ టూరింగ్‌కి మార్చి ఆఖరు నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉన్న రోజుల్ని మించినవి లేవని నా గట్టి నమ్మకం. జనవరిలో గుల్మర్గ్‌కి ప్రపంచమంతా వచ్చేది లోతైన పొడి మంచు కోసం, అది వెడల్పాటి ఆల్పైన్ స్కీల వాళ్ళకి పండగ. మన సన్న స్కీలు అందులో మోకాలి దాకా దిగబడిపోతాయి, దారి తొక్కుకోడానికే పూటంతా సరిపోతుంది.

మార్చి తర్వాత కథ మారిపోతుంది. పగలు ఎండకి పై పొర కరగడం, రాత్రికి మళ్ళీ గడ్డకట్టడం, ఇలా రోజుల తరబడి జరిగి జరిగి మంచు రేకలన్నీ గుండ్రటి పెద్ద పలుకులవుతాయి. దాన్నే కార్న్ స్నో అంటాం. గుప్పిట్లోకి తీసుకుంటే కళ్ళుప్పు లాగా వేళ్ళ సందుల్లోంచి రాలుతుంది. తెల్లవారుజామున అదంతా ఒకదానికొకటి అతుక్కుని గట్టి పెచ్చులా ఉంటుంది, దాని మీద ఎక్కడికి పడితే అక్కడికి, దారితో పని లేకుండా, లోయకి లోయే మనది అన్నట్టు జారుకుంటూ వెళ్ళిపోవచ్చు. ఎండ తగిలిన గంటా గంటన్నరకి పైన ఒక అంగుళం మెత్తబడుతుంది, మలుపులు తిప్పడానికి అంతకన్నా మంచి మంచు ఉండదు. ఆ తర్వాత ఇంకా కరిగి లోపలి దాకా నీళ్ళు దిగితే మాత్రం వెనక్కి వచ్చేయాలి. బూటుతో తొక్కి చూడండి, చీలమండ దాకా దిగితే ఆ వాలు మీద ఇంక ఉండకూడదు.

కాబట్టి ఈ సీజన్లో క్యాలెండర్ కన్నా గడియారం ముఖ్యం. అయిదింటికి లేవాలి, వెలుగు రాగానే బయల్దేరాలి, ముందు తూర్పు వాలు మెత్తబడుతుంది, తర్వాత దక్షిణం, ఆఖర్న పడమర, ఆ వరసలోనే మన దారి వేసుకుని పదిన్నర పదకొండుకల్లా గదికి చేరిపోవాలి. ముందురోజు రాత్రి బయటికొచ్చి ఆకాశం చూడండి. చుక్కలు కనబడితే మంచు తన వేడిని పైకి వదిలేసి గట్టిపడుతుంది, గాలి సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైనున్నా కూడా. మబ్బు కప్పేసిందా, సున్నా దగ్గరున్నా గడ్డకట్టదు, పొద్దున్నే కాలు పెడితే గంజిలో పెట్టినట్టే ఉంటుంది, ఆ రోజు స్కీలు ముట్టుకోకపోవడమే మంచిది.

ఎక్కడికి అంటే, గుల్మర్గ్ ఊరు సుమారు 2650 మీటర్లు, ఏప్రిల్ వచ్చేసరికి గోల్ఫ్ కోర్స్ మైదానంలో అక్కడక్కడా గడ్డి తేలుతుంది, పైన ఖిలన్‌మర్గ్ వైపు మంచు నిలుస్తుంది. లేదంటే మనాలి మీదుగా లాహౌల్. 2020 అక్టోబర్‌లో 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్ తెరిచాక రోహతాంగ్ కనుమ దాటే పని లేకుండా సిస్సు, కోక్సర్ వైపు చేరిపోతున్నాం, టన్నెల్ అవతలి ముఖమే 3000 మీటర్ల పైన ఉంది. నా ఓటు లాహౌల్‌కి. మంచు పడటం కూడా ఈమధ్య ఆలస్యమవుతోంది, 2025లో గుల్మర్గ్‌లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ ఫిబ్రవరిలో జరగాల్సినవి మంచు లేక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 దాకా జరిగాయి. ఏప్రిల్ వాళ్ళకి సీజన్ అయిపోయిందని చెప్పడం తొందరపాటు.

కరీంనగర్_కాక
ఫిబ్రవరి 19, ఉదయం 7:50

పిన్నన్న చెప్పిన గడియారం ముచ్చట బంగారం. నేను గేర్ గురించి చెప్త తమ్మీ, మంచిగ విను. నార్డిక్ టూరింగ్ గేర్ అద్దెకు దొరుకుతది అనుకొని పోకు. గుల్మర్గ్ అయినా మనాలి అయినా షాపులల్ల ఉండేది ఆల్పైన్ సామాన్, మనది దొరుకుడు చాన కష్టం. కాబట్టి కొనుక్కపోవుడే.

ముందు బూటు, బైండింగు జోడీ తేల్చుకో, స్కీ తర్వాత. ఇప్పుడు మూడు రకాలున్నయి. పాతది 75 మి.మీ. మూడు పిన్నులది, రోటెఫెల్లా వాళ్ళది, 1927 నుంచి అదే డిజైన్ నడుస్తున్నది. బూటు ముందు మూతి చపటగ ఉంటది, దానికి కింద మూడు బొక్కలు, పైనుంచి ఒక క్లిప్పు ఒత్తితే అయిపోయింది. రెండోది ఎన్ఎన్ఎన్ బీసీ, బూటు కింద అడ్డంగ లావు కడ్డీ ఉంటది, అది బైండింగుల ఇరుకుతది. మూడోది ఎక్స్‌ప్లోర్, కొత్తది, దాని బూట్లు దానికే, పాత బీసీ బూట్లు దాంట్ల పట్టయి.

తడి మంచుల ఎన్ఎన్ఎన్ బీసీ తోని ఒక్క తిప్పలుంటది. కడ్డీ పట్టే గాడిల మంచు ఇరుక్కొని పొద్దుగాల్ల గట్టిపడితే బూటు పట్టదు, లేకపోతే పట్టింది ఊడదు. జేబుల ఒక చిన్న స్క్రూడ్రైవర్ పెట్టుకొని గీక్కోవాలె. మూడు పిన్నులకు గా బాధ తక్కువ, కని ఎక్కువ వాడితే బూటు బొక్కలు సాగుతయి. అయినా కొత్తగ మొదలువెట్టేటోనికి నేను ఎన్ఎన్ఎన్ బీసీ నే చెప్త, నడక హాయిగుంటది, బూట్లు నాలుగు కంపెనీలయి దొరుకుతయి, అల్పీనా అలాస్కా అసొంటి తోలు బూటు అయితే చీలమండ కాడ మంచిగ పట్టుంటది.

స్కీ మాత్రం వెడల్పుది తీస్కో. ఫిషర్ ఎస్-బౌండ్ 112 ఉంది సూడు, ముందు 112, నడుమ 78, వెనక 95 మి.మీ., మలుపులు అలవోకగ తిరుగుతయి.

లలిత_హెచ్ఎస్ఆర్
ఫిబ్రవరి 19, ఉదయం 9:26

కాక గారూ బూట్ల వరకు మీతో వంద శాతం. 112 దగ్గర మాత్రం ఒప్పుకోను. నాని వెళ్ళేది ఏప్రిల్లో, పొద్దున్నే గట్టి పెచ్చు మీద మైళ్ళకి మైళ్ళు నడవాలి. 78 నడుము ఉన్న స్కీని తోలు బూటుతో గట్టి మంచు మీద ఒరగబెట్టి అంచు మీద నిలబెట్టడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు, చీలమండ వంకరపోతుంది, ఊరికే జారిపోతుంది. వెడల్పు స్కీ సుఖం మెత్తటి మంచులో. 60 నుంచి 70 లోపు నడుము చాలు. ఫిషర్ ఎక్స్‌కర్షన్ 88 (నడుము 60) గానీ ఎస్-బౌండ్ 98 (నడుము 69) గానీ, లేదా మాడ్‌షుస్ వాళ్ళ ఎమ్62 గానీ. వీటిలో ఏదైనా సరే, అంచుకి ఇనుప పట్టీ మొత్తం పొడవునా ఉందో లేదో చూడాలి, ఏప్రిల్ పొద్దుకి అది లేకపోతే ఎన్ని హంగులున్నా వృథా.

పొడవు ఎత్తుని బట్టి కాదు నానీ, బరువుని బట్టి. నీ 74కి బ్యాగు బరువు ఇంకో 8, 10 కలుపుకుని కంపెనీ చార్టు చూడు. ఎందుకంటే స్కీ మధ్యలో విల్లులా పైకి లేచి ఉంటుంది, అది సరిగ్గా నీ బరువుకి, అంటే నువ్వు ఒక కాలి మీద మొత్తం వాలినప్పుడు మాత్రమే నేలకి ఆనాలి. రెండు కాళ్ళ మీద సమంగా నిలబడ్డప్పుడు మధ్య భాగం ఆనకూడదు, ఆనిందంటే జారేటప్పుడు అడుగున పొలుసులు రాసుకుంటూ బ్రేకు వేస్తుంటాయి. అదే మరీ గట్టి స్కీ అయితే ఎంత తొక్కినా పొలుసులు మంచుకి తగలవు, ఎక్కేటప్పుడు వెనక్కి జారిపోతావు. ఇంట్లో గచ్చు మీద చూసుకోవచ్చు, రెండు స్కీల మీద నిలబడి ఎవరినైనా పాదం కింద ఒక కాగితం జరపమను, జరగాలి. బరువంతా ఒక కాలికి మార్చు, ఆ కాలి కింద కాగితం బిగుసుకుపోవాలి. కజిన్ నీ అంత బరువుంటే షాపులోనే అతన్ని చూడమను.

పొలుసులా వ్యాక్సా అని అడిగావు, రెండూ ఎక్కేటప్పుడు పట్టు కోసమే. కళ్ళు మూసుకుని పొలుసులు. మా అన్నయ్య నార్వేలో ఉంటాడు, వాడు ఏడాదంతా వ్యాక్సే, వాడి దగ్గర నేర్చుకుని నేను కూడా చల్లటి పొడి మంచులో వ్యాక్సే ఇష్టపడతాను, దానికున్న జారుడు పొలుసులకి రాదు. కానీ కరిగి గడ్డకట్టిన పాత మంచు మీద గట్టి వ్యాక్స్ నిలవదు, పలుకులు దాన్ని గీకి పారేస్తాయి. అక్కడ క్లిస్టర్ వాడాలి, ట్యూబులో వచ్చే జిగురు. పట్టు బ్రహ్మాండం, అయితే అది చేతులకి, గ్లవ్స్‌కి, బ్యాగు జిప్పుకి, జుట్టుకి కూడా అంటుకుంటుంది. చలికి ట్యూబు బిగుసుకుపోతుంది, చంకలో పెట్టుకుని వెచ్చబరిస్తే గానీ రాదు, పైగా తొమ్మిదింటికి మంచు రకం మారిపోగానే ఇంకో రకం రాయాలి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఇదంతా ఎందుకు. కార్న్ మీద పొలుసులు అద్భుతంగా పట్టుకుంటాయి.

పిన్ను75
ఫిబ్రవరి 19, మధ్యాహ్నం 1:15

లలిత గారు చెప్పింది నిజమే గానీ ఒక్కటి కలపాలి. పొలుసుల స్కీలకి వ్యాక్స్ అక్కర్లేదని పెట్టె మీద రాస్తారు, అది పట్టు వరకే. ముందు వెనక భాగాలకి జారే వ్యాక్స్ తప్పకుండా రాయాలి, పొలుసుల మీద కూడా పేస్టో, పూసుకునే ద్రవమో పల్చగా రుద్దాలి. లేకపోతే మధ్యాహ్నం తడి మంచులోంచి నీడలో ఉన్న చల్లటి మంచులోకి వెళ్ళగానే అడుగున గడ్డలు గడ్డలుగా అంటుకుని ఎత్తు మడమల చెప్పులేసుకున్నట్టు నిలబడిపోతాం. చిన్న డబ్బా, స్పాంజితో రుద్దేది చాలు. ఏదీ లేకపోతే కొవ్వొత్తి అయినా నయం.

నిటారు ఎక్కుడు ఉంటే పాదం కింద భాగానికి మాత్రం తొడిగే పొట్టి స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టుకునే నూగు పట్టీలు) తీసుకోండి. పొద్దున్న గట్టి పెచ్చు మీద పొలుసులు జారే చోట అవి ఆదుకుంటాయి. వాటికీ తడవకుండా ముందురోజే వ్యాక్స్ రుద్దాలి.

క్లిస్టర్ చేతికి అంటుకుంటే ఏం చేయాలని లోగడ ఎవరో అడిగారు. వ్యాక్స్ రిమూవర్ మండే ద్రవం, ఫ్లైట్లో ఒప్పుకోరు. వంట నూనె చాలు, చిన్న సీసాలో పట్టుకెళ్ళండి. కొబ్బరి నూనె వద్దు, అక్కడ గడ్డకట్టి బయటికి రాదు.

హిందూపురం_హరి
ఫిబ్రవరి 19, రాత్రి 8:44

నానీ, స్కీలు వస్తాయి సరే, బైండింగు బిగించేది ఎవరని ఆలోచించినావా? అక్కడ షాపులోనే బిగించి ఇస్తే మంచిది, బూటు కూడా అక్కడే కొంటే. బూటు సైజు తెలీకుండా కొనలేము కదా అని బూట్లు వేరేగా తెప్పించుకుంటాండేవాళ్ళు చానామంది ఉన్నారు, వాళ్ళ కోసం చెప్తాండా. బెంగళూరులో నార్డిక్ బైండింగు బిగించే అంగడి నేనైతే చూడలే. ఇంట్లోనే చేసుకోవచ్చు, భయపడాల్సిన పని కాదు, తొందరపడే పని అంతకన్నా కాదు.

ముందు స్కీని కత్తి అంచు మీద గానీ స్కేలు మీద గానీ అడ్డంగా నిలబెట్టి బ్యాలెన్స్ అయ్యే చోటు గుర్తు పెట్టుకో. బూటు కడ్డీ వచ్చేది సరిగ్గా ఆ గీత మీదికి. బొక్కలు ఎక్కడ వేయాలో చూపించే కాగితం జిగ్ బైండింగు కంపెనీ ఇస్తాది, దాన్ని టేపుతో అతికించి పంచ్ కొట్టుకో. లోపల లోహపు రేకు లేని స్కీకి 3.6 మి.మీ. డ్రిల్ బిట్టు, రేకు ఉంటే 4.1. లోతు 9 మి.మీ. దాటకూడదు, బిట్టుకి టేపు చుట్టుకుంటే లోతు తెలిసిపోతాది. 3.6 బిట్టు మామూలు సెట్టులో ఉండదు, ఎస్పీ రోడ్డులో చిన్న చిన్న హార్డ్‌వేర్ అంగళ్ళలో అడిగితే దొరుకుతాది. స్క్రూ తలలు మనం రోజూ వాడే ఫిలిప్స్ కాదు, పోజిడ్రైవ్ 3వ నంబరు. ఫిలిప్స్ పెట్టి తిప్పితే పైకి ఎగిరి తల అరిగిపోతాది, ఆమీద ఇంక దాన్ని ఊడదీయడం దేవుడి తరం కూడా కాదు. నాలుగు గాట్ల మధ్య సన్న గీతలు నాలుగు కనపడితే అది పోజిడ్రైవ్ అని గుర్తు. బొక్కలో నీళ్ళకి ఓర్చే చెక్క జిగురు ఒక చుక్క వేసి బిగించితే లోపలి చెక్కకి తడి పోదు.

కొండ మీద స్క్రూ ఊడొస్తే ఏం చేయాలో కూడా తెలుసుకో. బొక్కలో స్టీల్ ఉన్ని గానీ అగ్గిపుల్ల ముక్కలు గానీ కూరి, అరాల్డైట్ వేసి, రాత్రంతా గదిలో వెచ్చగా ఉంచితే మళ్ళీ పట్టుకుంటాది. అందుకే నా రిపేరు సంచిలో ఎప్పుడూ ఆ బిట్టుతో స్క్రూడ్రైవరు, నాలుగు అదనపు స్క్రూలు, అరాల్డైట్, గట్టి టేపు, రెండు రబ్బరు పట్టీలు, చేతి కట్టె (స్కీ పోల్) కింద ఉండే బాస్కెట్ ఒకటి అదనంగా ఉంటాయి. కేజీలో పావు కూడా ఉండదు.

చెన్నై_చిన్ని
ఫిబ్రవరి 20, ఉదయం 6:58

బెంగళూరు వాళ్ళు అదృష్టవంతులు, మీకు గాలి కాస్త పొడిగా ఉంటుంది. వేళచ్చేరిలో ఉంటూ స్కీ గేర్ దాచుకోవడం అంటే ఏడాది పొడుగునా తేమతో యుద్ధమే. కొత్తగా కొనేవాళ్ళు ఇది చదవండి, గేర్ కొన్నాక పదకొండు నెలలు అది మన ఇంట్లోనే ఉంటుంది కదా.

తోలు బూట్లకి బూజు. కాగితం ఉండలు కుక్కి, సిలికా జెల్ వేసి, గాలి చొరబడని డబ్బాలో పెడతాను, నెలకోసారి తీసి గాలికి పెట్టి జెల్ మారుస్తాను. దానికన్నా ప్రమాదమైంది అడుగు. చాలా బూట్లకి అట్టకి పైన ఉండే మెత్తటి పొర పాలీయురేథేన్, అది తేమ, వేడి కలిసి ఏళ్ళు గడిస్తే లోలోపలే విరిగిపోతుంది, వాడకపోయినా సరే, వాడకపోతేనే ఇంకా త్వరగా. మా జట్టులో ఒకావిడ వరసగా కొన్నేళ్ళు డబ్బాలో ఉంచిన బూట్లు మనాలి దగ్గర సొలాంగ్‌లో వేసుకుంది. పైకి కొత్త వాటిలా మెరుస్తున్నాయి. అరగంట నడిచాక మడమ దగ్గర సన్నటి గీత కనపడింది, గంటకి ఆ గీతలోంచి పసుపు పచ్చ పొడి రాలడం మొదలైంది, ఇంకాసేపటికి అట్ట మొత్తం కడ్డీతో సహా స్కీకే ఉండిపోయి బూటు పైభాగం కాలికి మిగిలింది. టేపు చుట్టి నడిపించుకొచ్చాం. కాబట్టి సెకండ్ హ్యాండ్ బూట్లు తీసుకునేవాళ్ళు అడుగు పొరని బొటనవేలి గోటితో గట్టిగా నొక్కి చూడండి, గుంట పడి అలాగే ఉండిపోయినా, పొడి రాలినా వద్దు.

స్కీల ఇనుప అంచులకి తుప్పు, తుడిచి పల్చగా నూనె రాయాలి. అడుగుకి మందంగా వ్యాక్స్ పోసి గీకకుండా అలాగే వదిలేయాలి. రెండు స్కీలని కలిపి గట్టిగా కట్టేయకండి, లలిత చెప్పిన ఆ విల్లు వంపు ఏడాది ఒత్తిడికి చచ్చిపోతుంది. అటక మీద పెడితే పైకప్పు వేడి, మంచం కింద మేలు. స్కిన్స్ జిగురు మాత్రం నేను ఫ్రిజ్‌లో, జిప్ కవర్లో పెడతాను, మా అత్తగారికి అలవాటైపోయింది.

వైట్‌ఫీల్డ్_నాని
ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 12:40

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. చిన్ని గారూ సెకండ్ హ్యాండ్ ఆలోచన మానేశాను. ఒక ప్రశ్న. నేను వెళ్ళేది మైదానాలు, చిన్న వాలులు. జారిపడే మంచు కింద కూరుకుపోయినవాళ్ళని సిగ్నల్‌తో వెతికే బీకన్, గుచ్చి చూసే ప్రోబ్, తవ్వే పార అంటే ఆ ఖర్చు స్కీల ఖర్చుతో సమానంగా ఉంది. నార్డిక్ వాళ్ళకి అవి అవసరమా?

పిన్ను75
ఫిబ్రవరి 20, మధ్యాహ్నం 2:05

అవసరం. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్తాను. మీరు నిలబడ్డ మైదానం చదునుగా ఉండొచ్చు, మీ తల మీద ఉన్న వాలు చదునుగా ఉండదు. లాహౌల్ లోయ అడుగున ఏ మైదానం చూసినా అది పైనుంచి వచ్చిన మంచు ఆగే చోటే. 2023 ఫిబ్రవరి 1న గుల్మర్గ్ పైనున్న అఫర్వత్ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు పోయారు, 2024 ఫిబ్రవరిలో గుల్మర్గ్ పైభాగంలోనే ఒక రష్యా స్కీయర్ పోయాడు. అవి చలికాలం హిమపాతాలు, అంటే వాలు మీంచి విరుచుకుపడే మంచు (అవలాంచ్). వసంతంలో వచ్చేవి వేరే, నీళ్ళు తాగిన మంచు నెమ్మదిగా మొదలై సిమెంటు ముద్దలా దిగుతుంది, వేగం తక్కువైనా బరువు ఎక్కువ, పట్టుకుందంటే చెయ్యి కూడా కదపలేం.

కూరుకుపోయినవాళ్ళు మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటపడితేనే బతికే అవకాశం ఎక్కువ, తర్వాత అది వేగంగా పడిపోతుంది. ఊళ్ళోంచి ఎవరో వచ్చేదాకా ఆగేంత సమయం కాదది, పక్కనున్నవాళ్ళే తవ్వాలి. బీకన్లు అన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి కాబట్టి ఏ కంపెనీదైనా ఇంకోదాన్ని పట్టుకుంటుంది, మూడు యాంటెనాలున్న డిజిటల్‌ది చూసుకోండి. మీ ఒక్కరికి ఉండి మిగతావాళ్ళకి లేకపోతే మిమ్మల్ని వెతికేవాళ్ళు ఉండరు, కాబట్టి జట్టులో అందరికీ ఉండాలి.

కరీంనగర్_కాక
ఫిబ్రవరి 20, సాయంత్రం 6:30

పిన్నన్న మాటకు ఎదురు లేదు. ఒక్కటి కలుపుత, పరికరం కన్నా ముందు కోణం. పలకలు పలకలుగ తెగే హిమపాతాలు ఎక్కువ 30 నుంచి 45 డిగ్రీల వాలు మీదనే ఉంటయి. ఫోన్ల వాలు కొలిచే యాప్ ఉంటది, కట్టె మీద ఫోన్ పెట్టి కొలువు. నువ్వు 25 లోపల ఉండు, నీ మీద 30 దాటినది ఏదన్న ఉంటే ఎండ తాకకముందే దాని కిందికెల్లి దాటిపో. డీజీఆర్ఈ అని డీఆర్‌డీఓ సంస్థ ఒకటుంది, వాళ్ళు హిమపాత హెచ్చరికలు ఇస్తరు, పోయే ముందు ప్రతి రోజు సూడాలె. నాలాలు గూడ యాది పెట్టుకో, పొద్దుగాల్ల వాటి మీద మంచు వంతెన గట్టిగుంటది, అదే వంతెన మధ్యాహ్నం మోయదు. వచ్చేటప్పుడు అదే దారిల వస్త అనుకోవద్దు.

లలిత_హెచ్ఎస్ఆర్
ఫిబ్రవరి 21, ఉదయం 8:10

ప్రయాణం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను. చండీగఢ్ దాకా ఫ్లైట్, అక్కణ్ణించి మనాలికి బస్సు. భుంతర్ దాకా ఎగరొచ్చు కదా అంటారు, అక్కడ రన్‌వే పొట్టి, చిన్న విమానాలు, బరువు దగ్గర ఇబ్బంది, 180 సెం.మీ. స్కీ బ్యాగుతో ఆ ప్రయోగం వద్దు. చెక్-ఇన్‌లో స్పోర్ట్స్ బ్యాగేజ్ కింద ముందే రాయించుకో. బీకన్ బ్యాటరీలు తీసేసి విడిగా పెట్టు, పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే. గ్యాస్ క్యానిస్టర్ అసలు తీసుకెళ్ళకు, మనాలిలో కొనుక్కో.

ఇది చాలా ముఖ్యం: మీ కజిన్ అమెరికాలో అందరూ వాడతారు కదా అని గార్మిన్ ఇన్‌రీచ్ లాంటి శాటిలైట్ మెసెంజర్ తెస్తానంటే వద్దని చెప్పు. మన దేశంలో లైసెన్స్ లేకుండా శాటిలైట్ పరికరాలు నేరం, ఎయిర్‌పోర్టుల్లో విదేశీయుల్ని ఆపి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. కశ్మీర్ వైపు వెళ్ళేవాళ్ళు పోస్ట్‌పెయిడ్ సిమ్ తీసుకెళ్ళండి, బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ అక్కడ పనిచెయ్యదు. ఎక్కడికెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో హోటల్ వాళ్ళ దగ్గర కాగితం మీద రాసిపెట్టి వెళ్ళడం మనకున్న మంచి మార్గం.

ఏప్రిల్ ఎండని తేలిగ్గా తీసుకోకు. 3000 మీటర్ల పైన, కింద తెల్లగా తిరగగొట్టే మంచు, ముక్కు రంధ్రాల కింద, గడ్డం కింద, చెవుల వెనక కాలిపోతాయి. కళ్ళద్దాలు పక్కలు మూసినవి, కేటగిరీ 4. మబ్బుగా ఉన్నా తీయకూడదు. తినడానికి సున్నుండలు, పల్లీ చిక్కీ, ఖర్జూరం బ్రహ్మాండంగా పనికొస్తాయి, చాక్లెట్ బార్లు చలికి కొరకలేం.

హిందూపురం_హరి
ఫిబ్రవరి 21, రాత్రి 9:15

ఇంకా నెలన్నర ఉంది కదా, ఊరికే ఉండొద్దు. ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో బండ్లు రానీయరు, రోలర్ స్కీలు తొక్కడానికి అంతకన్నా మంచి చోటు ఊర్లో లేదు. క్లాసిక్ రోలర్ స్కీకి ఒక చక్రం ముందుకే తిరుగుతాది, వెనక్కి బిగుసుకుంటాది, అందుకే తన్ని ముందుకి పోవచ్చు, మంచు మీద తన్నే లయ దీంతోనే కాళ్ళకి వస్తాది. బ్రేకు ఉండదు, దిగుడు లేని చోట మాత్రమే, హెల్మెట్ తప్పనిసరి. కట్టెలకి తారు రోడ్డు కోసం కార్బైడ్ మొనలు వేరేగా వేసుకోవాల. ఒక సంగతి, రోలర్ స్కీలకి సాధారణంగా మామూలు ఎన్ఎన్ఎన్ బైండింగు ఉంటాది, ఎన్ఎన్ఎన్ బీసీ బూటు దాంట్లో పట్టదు, కడ్డీ లావు. మా దగ్గర ఒక జతకి బీసీ బైండింగులు బిగించి పెట్టినాము, అది ఇస్తా.

మన పక్కనే కొడగు నుంచి భవానీ తెక్కడ నంజుండ మంచు పడని ఊర్లో పుట్టి, ఖేలో ఇండియాలో కర్ణాటకకి క్రాస్ కంట్రీ బంగారు పతకాలు తెచ్చింది, ప్రపంచ చాంపియన్‌షిప్ దాకా పోయింది. దక్షిణాది వాళ్ళకి ఇదెందుకు అని ఎవరన్నా అడిగితే ఆమె పేరు చెప్తాండా నేను.

కరీంనగర్_కాక
ఫిబ్రవరి 22, ఉదయం 7:20

హరీ, గట్ల చెప్పినవ్ మంచిగనిపించింది. నానీ, వెడల్పు కాడ లలితక్క మాటే ఇను, ఏప్రిల్ పెచ్చు మీదికైతే 69 నడుమే కరెక్టు. నా 112 నేను జనవరికి ఉంచుకుంట.

వైట్‌ఫీల్డ్_నాని
ఫిబ్రవరి 22, రాత్రి 10:50

అయితే ఎస్-బౌండ్ 98, ఎన్ఎన్ఎన్ బీసీ, పొట్టి స్కిన్స్ అని కజిన్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. బరువు చార్టు చూసే పొడవు ఎంచమన్నాను, వాడు 78 కిలోలు, కాగితం టెస్ట్ కూడా వాడితోనే. బూట్లు నేనే ఆర్డర్ పెడుతున్నా, కస్టమ్స్ డ్యూటీ పడినా సైజు తేడా వస్తే మార్చుకునే వీలుంటుందని. బీకన్ కొంటున్నాను, వాదన లేదు. పిన్ను గారూ, ఏప్రిల్ 3 నుంచి సిస్సు వైపు మీ జట్టులో నాకు చోటుంటుందా? హరి గారూ, బైండింగ్ బిగించడానికి మీ దగ్గరికి రావచ్చా?

పిన్ను75
ఫిబ్రవరి 22, రాత్రి 11:20

చోటుంది. రెండు షరతులు. మార్చిలో రెండు ఆదివారాలు మాతో బీకన్ ప్రాక్టీసుకి రావాలి, లాల్‌బాగ్ పక్క మైదానంలో సంచుల్లో బీకన్ దాచి వెతుకుతాం. ఇంకోటి, అక్కడికి చేరిన మొదటి రోజు స్కీయింగ్ ఉండదు, ఒంటికి ఎత్తు అలవాటు కావాలి, ఊరి చుట్టూ నడక మాత్రమే. తలనొప్పి, వాంతులు మొదలైతే దాచిపెట్టకుండా చెప్పాలి, టన్నెల్ దాటి కిందకి దిగిపోవడం గంట పని.

హిందూపురం_హరి
ఫిబ్రవరి 23, ఉదయం 6:35

రా నానీ. బిట్టు ఉంది, జిగ్ ప్రింటు తీసి పెడతా. స్కీలు వచ్చినాక శనివారం పొద్దున వచ్చేయ్, బూట్లు తప్పకుండా తీసుకురా, అవి లేకుండా మడమ కింద ప్లేటు ఎక్కడ పడాలో తెలీదు. సాయంత్రానికి జిగురు ఆరిపోతాది, ఆదివారం పొద్దున అక్కణ్ణించే బీకన్ ప్రాక్టీసుకి పోదాం.